మృత్యు రహస్యాన్వేషి ఇల్యా మెచ్నికాఫ్

పుట్టిన ప్రతి జీవికి మరణము తప్పదన్న సత్యము పసివారికి కూడ తెలిసినదే. కాని జీవి బ్రతికియుండగనే దాని శరీరంలోని కణాలు ప్రతిదినము వేల కోట్ల సంఖ్యలో మరణిస్తూ ఉంటాయనీ, ఆ మరణమే లేకున్న జీవికి రూపమూ లేదు, ఆరోగ్యమూ లేదనీ చాలమందికి తెలియదు. తల్లి గర్భంలోని శిశువునకు మొదట చేతివేళ్ళ నడుమ చర్మపు పొర ఉంటుంది. ఆ పొరలోని కణాలు తమంతట తాము మరణించినందువలననే వేళ్ళు విడివడతాయి. వానకాలపు గుంటలో ఈదే తోకకప్ప తన తోకను పోగొట్టుకొని గట్టెక్కేది కూడ ఇట్టి కణమరణము వలననే. దీనిని శాస్త్రజ్ఞులు నిర్దేశిత కణమరణమని పిలుస్తున్నారు.

జనాజా అయినా, పాడె అయినా నలుగురు భుజమివ్వనిదే కదలదు. మరి మరణించిన కణానికి భుజమిచ్చేవారెవరు? వారికి కబురు ఎట్లు అందుతుంది? ఈ రెండు ప్రశ్నలలో మొదటిదానికి సమాధానము చెప్పిన మహనీయుడు ఇల్యా మెచ్నికాఫ్. రెండవదానికి సమాధానము ఆయన కన్నుమూసిన తరువాత ముప్పాతిక శతాబ్దానికి గాని లభించలేదు. ఆ మహనీయుని జీవితాన్ని, ఆయన మిగిల్చిపోయిన ప్రశ్న యొక్క చరిత్రను మా విద్యార్థి సోదర సోదరీమణులకు పరిచయం చేయవలెనన్నదే మా ఈ ప్రయత్నము.

బాల్యము - విద్య

మెచ్నికాఫ్ 1845 వ సంవత్సరం మే నెలలో, నాడు రష్యా సామ్రాజ్యంలోనిదీ నేడు ఉక్రెయిన్ దేశంలోనిదీ అయిన ఖార్కోవ్ ప్రాంతంలో జన్మించినాడు. తండ్రి చక్రవర్తి అంగరక్షక దళంలో అధికారిగా పనిచేసినవాడు. తల్లి యూదు కుటుంబము నుండి వచ్చిన విద్యావతి. ఐదుగురు సంతానంలో ఇతడే కడపటివాడు. చిన్ననాటి నుండి చెట్లు, పురుగులు, నీటిలోని జీవులు ఇతనికి ఆటవస్తువులు.

ఖార్కోవ్ విశ్వవిద్యాలయంలో నాలుగేండ్ల ప్రకృతి శాస్త్ర విద్యను ఇతడు రెండేండ్లలోనే ముగించి, 1864 లో పట్టభద్రుడైనాడు. తరువాత జర్మనీ దేశంలోని విద్యాకేంద్రాలలోను, ఇటలీలోని నేపుల్స్ సముద్రతీరంలోను పరిశోధనలు చేసినాడు. 1865 లో ఒక చిన్న చదునుపురుగును సూక్ష్మదర్శినిలో పరీక్షిస్తుండగా, దాని కణాలు ఆహారపు తునకలను తమలోనికి లాగుకొని అక్కడనే జీర్ణించుకొనుట చూచినాడు. ఆహారము కడుపులోనే గాక కణము లోపల కూడ జీర్ణము కాగలదన్న ఈ విషయము నాడు చిన్నదిగా కనిపించినను, ఇతని జీవితకాలపు కృషికి బీజము ఇదే. ఇరువది రెండవ ఏట ఒడెస్సా విశ్వవిద్యాలయంలో ఉపన్యాసకుడైనాడు. 1870 లో అక్కడనే ఆచార్య పదవి లభించినది.

శోకము

విద్యలో ఇంత వేగముగా ఎదిగినవానికి సంసార జీవితము చల్లగా సాగలేదు. 1869 లో ఇతడు వివాహమాడిన ల్యుడ్మిలా అప్పటికే క్షయరోగ పీడితురాలు. నడువలేని స్థితిలో ఉన్న వధువును పెండ్లినాడు కుర్చీలో కూర్చుండబెట్టి మందిరానికి మోసుకొని వచ్చినారు. ఆమెను బ్రతికించుకొనుటకు మెచ్నికాఫ్ చేయని ప్రయత్నము లేదు. వెచ్చని గాలి కొరకు దూరదేశాలకు తీసుకొనిపోయినాడు. ఖర్చులకై రాత్రింబవళ్ళు అనువాదాలు చేసినాడు. చూపు దెబ్బతినసాగినది. అయినను 1873 లో మదీరా ద్వీపంలో ఆమె తుదిశ్వాస విడిచినది. ఆ దుఃఖము భరింపలేక మెచ్నికాఫ్ ప్రాణత్యాగానికి ప్రయత్నించి, అదృష్టవశమున బయటపడినాడు.

1875 లో ఓల్గా అనే యువతిని ద్వితీయ వివాహము చేసుకొన్నాడు. 1880 లో ఆమెకు ప్రమాదకరమైన టైఫాయిడ్ జ్వరము వచ్చినది. మరుసటి ఏడు, విశ్వవిద్యాలయంలోని కలతలతో మనసు చెదిరియున్న కాలంలో, తిరుగుజ్వరము గల రోగి రక్తాన్ని మెచ్నికాఫ్ తన శరీరంలోనికి ఎక్కించుకొన్నాడు. ఆ రోగము రక్తము ద్వారా సంక్రమించునా అని పరీక్షించుట ఒక ఉద్దేశ్యము. బ్రతుకుపై విరక్తి మరియొక కారణము. తీవ్రమైన జబ్బుచేసి ఈసారి కూడ కోలుకొన్నాడు. లేచిన తరువాత ఆయనకు జీవితముపై మునుపెన్నడూ లేని మమకారము కలిగినదని ఆయనను ఎరిగినవారు వ్రాసియున్నారు.

ఆ ఏడే, అనగా 1881 లోనే, ఆయన అన్న ఇవాన్ మరణించినాడు. న్యాయాధికార వృత్తిలో ఉండిన ఆ ఇవాన్ మరణమే టాల్‌స్టాయ్ మహాశయుని సుప్రసిద్ధ కథ ఇవాన్ ఇల్యిచ్ మరణము అన్న రచనకు ఆధారమైనది. ఒకే మరణము ఒకరిచేత కథ వ్రాయించగా, తమ్ముడైన శాస్త్రజ్ఞునిలో మరణమన్న దానినే శాస్త్రదృష్టితో చూడవలెనన్న పట్టుదలను పెంచినది.

మెస్సీనా తీరంలో

1882 లో విశ్వవిద్యాలయ పదవిని వదులుకొని మెచ్నికాఫ్ సకుటుంబముగా సిసిలీ ద్వీపంలోని మెస్సీనాకు చేరుకొన్నాడు. సముద్రానికి ఎదురుగా ఒక చిన్న ఇల్లు. అందులోని గదియే ప్రయోగశాల. ఒకనాడు ఇంటివారందరు కోతుల ఆటలు చూచుటకు సర్కసుకు వెళ్ళినారు. మెచ్నికాఫ్ ఒంటరిగా కూర్చుండి సముద్ర నక్షత్రపు డింభకాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తున్నాడు. ఆ డింభకము గాజువలె పారదర్శకమైనది. లోపల తిరుగాడే కణాలు స్పష్టముగా కనిపిస్తాయి. ఇట్లు తిరిగే కణాలకు తిండి పని గాక శరీర రక్షణ పని కూడ ఉండవచ్చునా అన్న ఆలోచన హఠాత్తుగా ఆయనకు తోచినది.

వెంటనే తోటలోనికి పోయి గులాబీ ముండ్లు కొన్ని తెచ్చి డింభకాల చర్మము క్రింద గ్రుచ్చినాడు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. తెల్లవారి చూడగా ప్రతి ముల్లు చుట్టును ఆ కణాలు గుంపుగా చేరియున్నవి. మన వ్రేలికి ముల్లు గ్రుచ్చుకొన్నపుడు వాచి చీము పట్టుటకును, రక్తనాళాలే లేని ఆ చిన్న ప్రాణిలో జరిగినదానికిని మూలము ఒకటేనని ఆయన గ్రహించినాడు. ఈ కణాలకు భక్షించే కణాలన్న అర్థంలో గ్రీకు భాష నుండి ఫాగోసైట్ అన్న పేరు 1883 లో ఏర్పడినది. మన పాఠ్యగ్రంథాలలో వీనినే భక్షక కణాలని చదువుకొంటున్నాము. తరువాత డాఫ్నియా అనే నీటిపురుగులో భక్షక కణాలు శిలీంధ్ర బీజాలను చుట్టుముట్టి మింగుటను చూపి, రోగనిరోధ శాస్త్రానికి ఆయన పునాది వేసినాడు.

తోకకప్ప చెప్పిన పాఠము

లోకము మెచ్నికాఫును ముల్లు ప్రయోగము వలననే ఎక్కువగా గుర్తుంచుకొన్నది. మా దృష్టిలో అంతకు తీసిపోనిది ఆయన తోకకప్పపై చేసిన పరిశీలన. తోకకప్ప కప్పగా మారే రోజులలో దాని తోక రాలిపోదు, తెగిపోదు. క్రమముగా కుంచించుకొనిపోయి శరీరంలోనే లీనమౌతుంది. ఆ తోకలోని కండరపు తునకలు భక్షక కణాల కడుపులో ఉండుటను మెచ్నికాఫ్ చూచినాడు. అక్కడ సూక్ష్మజీవి లేదు, ముల్లు లేదు, గాయము లేదు. అయినను భక్షక కణాలు వచ్చినవి. శత్రువును తినే సైనికుడే స్వజనుల శవాలను తొలగించే పనిని కూడ చేస్తున్నాడన్న మాట.

ఐతే ఇక్కడ ఆయన ఒక నిర్ణయానికి వచ్చినాడు. బలహీనపడిన కణాలను భక్షక కణాలే దాడిచేసి చంపి తింటున్నవని తలచినాడు. ముసలితనంలో వెంట్రుకలు నెరయుటకు కూడ రంగును తినివేసే భక్షక కణాలే కారణమని వాదించినాడు. తినేవానిని చూచినంత స్పష్టముగా తినబడేదానిని చూచుటకు ఆనాటి సూక్ష్మదర్శినికి శక్తి చాలదు. కావున దోషమంతయు తినేవానిపైననే మోపబడినది.

ప్యారిస్ జీవితము - మన దేశముతో సంబంధము

1886 లో ఒడెస్సాలో నెలకొల్పిన సూక్ష్మజీవి పరిశోధనా సంస్థకు మెచ్నికాఫ్ అధిపతియైనాడు గాని, వైద్యపట్టా లేనివాడన్న విమర్శల నడుమ అక్కడ నిలువలేకపోయినాడు. 1888 లో లూయీ పాశ్చర్ ఆయనను ప్యారిస్‌కు ఆహ్వానించి తన పేరిట ఏర్పడిన సంస్థలో ప్రయోగశాల నిచ్చినాడు. కడపటి వరకు ఆయన అక్కడనే పనిచేసినాడు.

ఆయన ఒడెస్సా శిష్యులలో ఒకడు వాల్డెమార్ హాఫ్కిన్. గురువును అనుసరించి 1889 లో ప్యారిస్ చేరిన ఈ యూదు యువకునికి మొదట దొరికినది గ్రంథాలయంలో చిన్న ఉద్యోగము. కలరాకు టీకా తయారుచేసి 1893 లో అతడు భారతదేశానికి వచ్చినాడు. 1896 లో బొంబాయిలో ప్లేగు చెలరేగినపుడు దానికి కూడ టీకా తయారుచేసి, 1897 జనవరిలో ముందుగా తనకే వేసుకొన్నాడు. టీకా అనిన జనులు భయపడుచున్న ఆ రోజులలో మూడవ ఆగాఖాన్ అందరి ఎదుట తానే టీకా వేయించుకొని ప్రజల భయాన్ని పోగొట్టినాడు. హాఫ్కిన్ ప్రయోగశాలకు వసతి కూడ కల్పించినాడు. నేడు ముంబాయిలోని హాఫ్కిన్ సంస్థ ఆ శిష్యుని పేరిట ఉన్నదే. ఒడెస్సాలో వెలిగిన దీపము బొంబాయి పేటలలో వెలుగు నిచ్చినదని చెప్పుటలో అతిశయోక్తి లేదు.

వాదము - గౌరవము

మెచ్నికాఫ్ సిద్ధాంతానికి ప్రతిఘటన తక్కువ కాదు. రోగనిరోధము రక్తరసంలోని పదార్థాల పని గాని కణాల పని కాదని జర్మనీ శాస్త్రజ్ఞులు వాదించినారు. 1890 లో బేరింగ్, కిటసాటో అనువారు రక్తరసంలోని విషహర శక్తిని నిరూపించుటతో ఆ పక్షానికి బలము చేకూరినది. మెచ్నికాఫ్ సభలలో ఆవేశముగా మాట్లాడేవాడు. ఐతే ప్రతి విమర్శకును మరియొక ప్రయోగముతోనే బదులు చెప్పేవాడు. 1892 లో వాపు గురించి, 1901 లో రోగనిరోధము గురించి ఆయన ప్రకటించిన గ్రంథాలు ఈ వాదము నుండి పుట్టినవే. తుదకు 1908 లో నోబెల్ బహుమానము మెచ్నికాఫునకును, రక్తరస పక్షానికి చెందిన పాల్ ఎర్లిక్‌నకును కలిపి ఇచ్చినారు. ఇరువురు చెప్పినదియు సత్యములో భాగమేనని కాలము తేల్చినది.

వృద్ధాప్యము, మరణము అన్న విషయాలపై ఆయన 1903 లోను 1907 లోను రెండు ప్రసిద్ధ గ్రంథాలు వ్రాసినాడు. పేగులలోని చెడు సూక్ష్మజీవులు ముసలితనాన్ని త్వరపెడతాయనీ, పులిసిన పాలు మేలు చేస్తాయనీ నమ్మి తాను నిత్యము సేవించినాడు. మన ఇండ్లలో తరతరాలుగా పెరుగు లేని భోజనము లేదు గదా! 1909 లో టాల్‌స్టాయ్‌ని ఆయన గృహంలో దర్శించినాడు. మొదటి ప్రపంచ యుద్ధము ఆయనను బాగుగా క్రుంగదీసినది. శిష్యులు యుద్ధభూమికి పోగా ప్రయోగశాలలు ఖాళీ అయినవి. గుండెజబ్బుతో 1916 జూలైలో, డెబ్బది యొకటవ ఏట ప్యారిస్‌లో ఆయన పరమపదించినాడు. ఆయన చితాభస్మము పాశ్చర్ సంస్థ గ్రంథాలయంలో భద్రపరచబడి ఉన్నది. యౌవనంలో రెండుమార్లు మృత్యువును కోరినవాడు, పెద్దతనంలో మృత్యువును ఒక ప్రకృతి విషయముగా పరిశీలిస్తూ, తన రోగ లక్షణాలను సైతము శ్రద్ధగా గమనిస్తూ శాంతముగా వెళ్ళిపోయినాడు.

మిగిలిన ప్రశ్న

తోకకప్ప తోకలోని కణాన్ని భక్షక కణము చంపుతున్నదా, లేక అది తానే మరణిస్తున్నదా? ఈ ప్రశ్నకు సమాధానము మెట్టు మెట్టుగా వచ్చినది. 1912 లో గూడెర్నాచ్ అను శాస్త్రజ్ఞుడు తోకకప్పలకు థైరాయిడ్ గ్రంథిని ఆహారముగా పెట్టగా అవి త్వరగా కప్పలుగా మారినవి. 1966 లో మన దేశములో పుట్టి లండన్‌లో పనిచేసిన జంషెడ్ టాటా, తోకను కోసి పాత్రలో ఉంచి థైరాయిడ్ హార్మోను కలిపినాడు. తోక కుంచించుకొనిపోయినది. కాని ఆర్.ఎన్.ఏ., ప్రోటీనుల తయారీని ఆపే మందులు వేయగా కుంచించుట ఆగిపోయినది. అనగా కణము మరణించుటకు కూడ క్రొత్త పదార్థాలను తయారుచేసికొనవలెను. ఇది హత్య కాదు, కణము లోపలనే వ్రాసియున్న ఆజ్ఞ యొక్క అమలు.

1972 లో కెర్, విల్లీ, కర్రీ అను మువ్వురు ఇట్టి మరణానికి ఎపాప్టోసిస్ అని పేరు పెట్టినారు. గ్రీకు భాషలో చెట్టునుండి ఆకులు రాలుటను ఆ మాట తెలుపుతుంది. మనము శిశిరమనీ, ఉర్దూ సోదరులు ఖిజా అనీ పిలిచే ఋతువు ప్రతి కణానికి ఒకటి ఉన్నదన్న మాట.

ఈ శిశిరము మొదట కనిపించే చోటు కణత్వచము, అనగా కణాన్ని చుట్టియున్న పలుచని పొర. ఇది ముఖ్యముగా కొవ్వు జాతి అణువులు రెండు వరుసలుగా పేర్చబడిన ద్వంద్వ పొర. ఈ రెండు వరుసలు ఒకే విధముగా ఉండవు. ఫాస్ఫటిడైల్ సెరీన్ అన్న కొవ్వు అణువు ఆరోగ్యముగా ఉన్న కణంలో లోపలి వరుసలోనే ఉంటుంది. అది బయటికి జారినచో లోనికి మరల చేర్చుటకు కొన్ని ప్రోటీనులు శక్తిని వ్యయము చేస్తూ కావలి కాస్తుంటాయి. ఇంటి ఆడపడుచుల నగలవలె అది లోపలి పెట్టెలో ఉండవలసిన వస్తువు.

మరణాజ్ఞ వెలువడినపుడు కాస్పేస్‌లు అన్న ఎంజైములు మేల్కొంటాయి. అవి ఆ కావలి ప్రోటీనులను కోసివేస్తాయి. రెండు వరుసలను కలగలిపే మరియొక ప్రోటీనును పనికి పురికొల్పుతాయి. దానితో లోపలి సెరీన్ కొవ్వు బయటి వరుసలో ప్రత్యక్షమౌతుంది. భక్షక కణాలు దానిని తాకి, ఇది తొలగింపదగిన కణమని గుర్తిస్తాయి. 1992 లో ఫాడక్, ఆమె సహచరులు నిరూపించిన ఈ విషయమే కబురు ఎట్లు అందుతుందన్న ప్రశ్నకు సమాధానము. కలగలిపే ప్రోటీను 2013 లోను, కోయబడే కావలి ప్రోటీను 2014 లోను జపాను దేశపు నగాటా బృందము పరిశోధనల వలన తేలినవి.

ఇదే సమయంలో కణము యొక్క ఆకృతి కూడ మారుతుంది. నీరు, పొటాషియం లవణము బయటికి పోయి కణము కుంచించుకొనిపోతుంది. త్వచము క్రింద ఉన్న ప్రోటీను త్రాళ్ళు బిగుసుకొని లోపలి ద్రవాన్ని నొక్కుతాయి. త్రాళ్ళ పట్టు సడలినచోట త్వచము, మరుగుచున్న గంజిపై బుడగలవలె ఉబికి లేస్తుంది. కడపట కణము చిన్నచిన్న మూటలుగా విడిపోతుంది. విశేషమేమనగా, ప్రతి మూటను త్వచము చుట్టియే ఉంటుంది. లోపలి ఎంజైములు ఒలికిపోవు. పొరుగు కణాలకు హాని లేదు, వాపు లేదు. కాలిన గాయము వంటి వానిలో కణము ఉబ్బి పగిలిపోయి చుట్టుప్రక్కల మంట పుట్టిస్తుంది. నిర్దేశిత మరణంలో అట్టి గందరగోళము లేదు. ఐతే మూటలను సకాలంలో ఎవరును తీసికొనిపోకున్నచో అవి కూడ తుదకు చిరిగిపోతాయి. శరీరము తనపై తానే తిరుగబడే లూపస్ వంటి వ్యాధులకు ఇట్టి ఆలస్యము ఒక కారణము కావచ్చునని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

మరి మెచ్నికాఫ్ పూర్తిగా పొరబడినాడా? అట్లు చెప్పుటకు వీలులేదు. 2001 లో ఒక చిన్న పురుగుపై జరిగిన పరిశోధనలలో, చావుబ్రతుకుల నడుమ ఊగిసలాడే కణాలు కొన్ని, మింగే శక్తి లేని పురుగులలో బ్రతికి బయటపడుట కనిపించినది. అనగా కొన్ని సందర్భాలలో మింగే కణము కూడ ఆ మరణాన్ని ముగింపునకు తెస్తున్నది. పాత సిద్ధాంతంలో సత్యపు పాలు కొంత ఉండనే ఉన్నది.

తుది మాట

మెచ్నికాఫ్ జీవితము నుండి మన విద్యార్థులు గ్రహింపదగినవి ముఖ్యముగా రెండు ఉన్నవని మా అభిప్రాయము. మొదటిది, ఎంతటి దుఃఖము వచ్చినను ఆ దినమే జీవితానికి కడపటి దినమని తలచరాదు. ఇరువది యెనిమిదవ ఏట ఆయన ప్రాణము పోయియున్నచో మెస్సీనాలోని ఆ ఉదయము లేదు, ఒడెస్సాలో హాఫ్కిన్‌కు ఆ గురువు లేడు. రెండవది, చూచినదానిని నిజాయితీగా వ్రాసిపెట్టినవాని శ్రమ వ్యర్థము కాదు. ఆయన చేసిన వ్యాఖ్యానము కొంత మారినది గాని, తోకకప్ప తోకలో ఆయన చూచిన దృశ్యము మారలేదు. ఆ దృశ్యమే తరువాతివారిని త్వచము వరకు నడిపించినది.

ఒక కణము తనవారికి కీడు కలుగకుండ, తన మూట తానే కట్టుకొని, కబురు తానే పంపి వెళ్ళిపోతున్నది. అది చేసే ఈ చివరి ఏర్పాటులో ఇంకను తెలియవలసినది ఎంతో ఉన్నది. మన కళాశాల ప్రయోగశాలలో సూక్ష్మదర్శినిపై వంగి చూచే విద్యార్థినీ విద్యార్థులలో ఎవరైన ఒకరు రేపు అట్టి ప్రశ్నకు సమాధానము చెప్పగలరని మేము ఆశిస్తున్నాము.